సంచిలో జీపీఎస్ లాగర్: కెమెరా ఫొటోలకి చోటు అతికించే డబ్బా

ఫోన్‌తో ఫొటోలు తీసుకునేవాళ్ళకి ఈ వస్తువు అక్కర్లేదు. చోటు సంగతి ఫోనే చూసుకుంటుంది. మెడలో పాత డీఎస్సెల్లార్ కెమెరా తగిలించుకుని, సిగ్నల్ అందని ఊళ్ళ వెంట తిరిగొచ్చి, కంప్యూటర్ ముందు కూర్చున్నాక "ఈ రాయి ఏ ఊరిదబ్బా" అని తల గోక్కునేవాళ్ళ కోసం రాస్తున్నాను.

నేను మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌ని. మకాం నెల్లూరు. టెరిటరీ ఇటు రాపూరు నుంచి అటు కనిగిరి, పొదిలి దాకా. డాక్టర్లు పొద్దున ఓపీలో దొరుకుతారు, మళ్ళీ సాయంత్రం క్లినిక్కులో దొరుకుతారు. మధ్యాహ్నం మొత్తం నాదే. తోటి రెప్‌లు ఆ టైములో ఏ చెట్టు కిందో నడుం వాలుస్తారు. నేను బండిని పక్కదారి పట్టిస్తాను. చెరువు తూము దగ్గర నిలబెట్టిన రాళ్ళు, ఊరి బయట కత్తి పట్టుకుని నిలుచున్న వీరగల్లులు (చనిపోయిన వీరుల గుర్తుగా నిలబెట్టిన రాళ్ళు), గట్టు మీద సగం పూడిపోయిన శాసనాలు, ఇవన్నీ ఫొటో తీయడం నా పిచ్చి. దీనికి ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది, అది ఇక్కడ అనవసరం.

ఈ పిచ్చిలో ఫొటో ఎంత ముఖ్యమో చోటూ అంతే ముఖ్యం. 1905లో బటర్‌వర్త్ దొర, వేణుగోపాల్ చెట్టి గారు కలిసి నెల్లూరు జిల్లా శాసనాల్ని మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. అప్పటికి ప్రకాశం జిల్లా పుట్టలేదు, అది 1970లో వచ్చింది. కనిగిరి, పొదిలి, కందుకూరు అన్నీ అప్పట్లో నెల్లూరు కిందే. ఆ పుస్తకాల్లో రాయి ఎక్కడుందో రాసిన తీరు చూస్తే, గుడి ముందర అనో, చెరువు దగ్గర అనో, ఊరికి ఫలానా దిక్కున పొలంలో అనో ఉంటుంది. ఆ రోజుల్లో అది చాలు. ఊళ్ళో ఎవరినడిగినా తీసుకెళ్ళి చూపించేవాళ్ళు. ఇప్పుడు ఆ పొలం ప్లాట్లయింది, ఆ చెరువు సగమైంది, చూపించే పెద్దాయన లేడు. అందుకే నేను తీసే ప్రతి ఫొటోలో అక్షాంశం, రేఖాంశం ఉండి తీరాలి. నా తర్వాత ఎవడైనా నేరుగా ఆ రాయి దగ్గరికి పోగలగాలి.

నా దగ్గరున్న లాగర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు. లోపల మీడియాటెక్ చిప్పు, పక్కన జరిపే స్విచ్చి, పైన మూడు లైట్లు, ఒక ఎర్ర బటన్. స్క్రీన్ లేదు. కంపెనీ పేరు రాయను. దీనికున్న లోపాలు చెప్పబోతున్నాను, పైగా ఆ తరం డబ్బాలు ఏ పేరుతో వచ్చినా లోపల సరుకు ఇంచుమించు ఒకటే. మీకు ఏ పేరుతో దొరికినా ఈ మాటలు పనికొస్తాయి.

ఇది చేసే పని చిన్నది. స్విచ్చి వేసి సంచిలో పడేస్తే, ఐదు సెకన్లకోసారి "ఇప్పుడు టైమింత, నేనున్నది ఇక్కడ" అని రాసుకుంటూ పోతుంది. కెమెరా తన పాటికి తాను ప్రతి ఫొటోలో టైము రాసుకుంటుంది. సాయంత్రం కంప్యూటర్లో రెండింటినీ కలిపితే, ఫలానా టైముకి తీసిన ఫొటో ఫలానా చోట తీసిందని సాఫ్ట్‌వేర్ తేల్చి, ఆ అంకెల్ని ఫొటో ఫైలులోనే రాసేస్తుంది. కెమెరాకీ డబ్బాకీ మధ్య వైరు లేదు, బ్లూటూత్ లేదు. ఒకటి ఉందని రెండోదానికి తెలియదు. నాకు ఇందులో బాగా నచ్చింది ఇదే. జత కలవలేదు, కనెక్షన్ పోయింది అనే టెన్షన్ ఉండదు.

అందరూ అడిగేది, ఇందులో సిమ్ము వేయాలా అని. అక్కర్లేదు, నెట్టూ అక్కర్లేదు. 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు తమ టైము, తామున్న చోటు చెబుతూ పోతుంటాయి. వాటిలో కనీసం నాలుగింటి మాట వినిపిస్తే మనమెక్కడున్నామో డబ్బా లెక్క కట్టుకుంటుంది. అది వినడమే తప్ప మాట్లాడదు. సీతారామపురం అడవి దారిలో ఫోన్‌కి ఒక్క గీత లేకపోయినా ఇది మామూలుగా పనిచేయడానికి కారణం అదే. ఇంకో సంగతి. శ్రీహరికోట మొన్నమొన్నటి దాకా మా జిల్లాయే, 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది. జీపీఎస్ లాంటిదే మన దేశానికి సొంతంగా ఉన్న నావిక్ వరసలో మొదటి ఉపగ్రహం 2013 జులై 1న అక్కణ్ణించే ఎగిరింది. రాకెట్ పోతుంటే డాబా ఎక్కి చూసే ఊరి వాణ్ణి, నా డబ్బా మాత్రం అమెరికా వాళ్ళ ఉపగ్రహాల మాటే వింటుంది. పాత చిప్పు కదా, నావిక్ దానికి తెలియదు.

మరి ఈ పని ఫోన్‌లో యాప్‌తో చేయొచ్చు కదా అంటే, చేయొచ్చు. ఓపెన్‌ట్రాక్స్ లాంటి ఉచిత యాప్‌లు ట్రాక్, అంటే మనం తిరిగిన దారి, రాసి జీపీఎక్స్ అనే రకం ఫైలుగా ఇస్తాయి. ఏడాదికి ఒకటి రెండు ట్రిప్పులు వెళ్ళేవాళ్ళకి అదే చాలు, డబ్బులు తగలేయొద్దు. నాకు కుదరనిదల్లా, నా ఫోన్ పగలంతా ఆఫీసు పనిలో ఉంటుంది. ఆర్డర్లు, రిపోర్టింగ్ యాప్, పెట్రోలు బంకులో చెల్లింపు, మేనేజర్ గారి ఫోన్లు. దాని మీద జీపీఎస్ కూడా నడిస్తే మధ్యాహ్నానికే ఛార్జింగ్ దిగిపోతుంది. ఛార్జింగ్ మిగిల్చే ఉత్సాహంలో ఫోనే యాప్‌ని ఆపేయడం ఇంకో తలనొప్పి. ట్రాక్ మధ్యలో తెగిందని ఇంటికొచ్చాక గానీ తెలియదు. డబ్బాకి రెండో ఉద్యోగం లేదు, కాబట్టి ఆగదు.

బ్యాటరీ విషయంలో పాత వస్తువు కొత్తదాని కన్నా మేలు. ఇందులో వేసేది బీఎల్-5సీ, పాత నోకియా ఫోన్లలో ఉండేదే. నెల్లూరులో, కావలిలో, కనిగిరిలో ఏ సెల్ రిపేరు కొట్లో అడిగినా డ్రాయరులోంచి తీసి ఇస్తారు. పొద్దున ఏడింటికి వేస్తే రాత్రి ఇంటికి వచ్చేదాకా ఆగకుండా నడుస్తుంది, మర్నాటికి కూడా మిగులుతుంది. మే నెల ఎండలో బండి ట్యాంకు మీది సంచిలో పెడితే మాత్రం బాగా వేడెక్కుతోంది. అందుకని వేసవిలో వెనక సంచిలో, నీళ్ళ సీసా పక్కన తువ్వాలు చుట్టి పెడతాను. గుడ్డ, ప్లాస్టిక్, తోలు దీనికి అడ్డం కావు. రేకు పెట్టె మాత్రం అడ్డమే.

ఇక అసలు గొడవ. మొన్న 2025 కనుమ నాడు, అంటే జనవరి 15న, ఊళ్ళో బంధువులంతా గారెలు, కోడి పులుసు తిని పడుకుంటే నేను బండి తీశాను. సాయంత్రం ట్రాక్ దించి చూస్తే తేదీ 2005 జూన్ 1 అని ఉంది. దారి సరిగ్గానే ఉంది, గంటా నిమిషమూ సరిగ్గానే ఉన్నాయి, తేదీ ఒక్కటే దాదాపు ఇరవై ఏళ్ళు వెనక్కి పోయింది. ఫొటోలు 2025వి, ట్రాక్ 2005ది, సాఫ్ట్‌వేర్ ఒక్క ఫొటోకీ చోటు దొరకలేదు పొమ్మంది.

ఇది డబ్బా పాడైపోవడం కాదు. జీపీఎస్ ఉపగ్రహాలు తేదీని వారాల లెక్కలో చెబుతాయి. లెక్క 1980 జనవరి 6న మొదలైంది. ఆ వారం నంబరుకి ఇచ్చిన జాగా 0 నుంచి 1023 వరకే. 1024 వారాలు నిండగానే మళ్ళీ సున్నాకి వస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి వచ్చింది, 2019 ఏప్రిల్‌లో రెండోసారి వచ్చింది. ఇది ఎన్నో చుట్టు అన్నది డబ్బాయే తెలుసుకోవాలి. పాత డబ్బాల్లో ఆ తెలివి పెట్టలేదు, పెట్టాల్సిన కంపెనీలు చాలావరకు ఆ సరుకు అమ్మడమే మానేశాయి. అందుకే నాకు అమ్మినాయన ధర అంత దించాడని తర్వాత అర్థమైంది. ఆయన మాత్రం "కండిషన్ సూపర్ సార్" అన్నాడు, అదీ నిజమే.

మందు తేలిక. 1024 వారాలంటే 7,168 రోజులు. జీపీఎస్‌బేబెల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ట్రాక్‌ని అన్ని రోజులు ముందుకు జరపమంటే క్షణంలో జరుపుతుంది. నేను ఆ ఆదేశాన్ని ఒక చిన్న ఫైలులో రాసి డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నాను. ట్రాక్ దించగానే దాని మీద రెండు నొక్కులు, తేదీ దారికొస్తుంది. కంప్యూటర్‌లో ఈ మాత్రం చిల్లర పని చిరాకు అనుకునేవాళ్ళు పాత డబ్బాల జోలికి పోవద్దు. కొత్త తరంవి కొంటే ఈ బాధ ఉండదు, డబ్బులే నాలుగైదు రెట్లు ఎక్కువ.

తేదీ తర్వాత గడియారం. ఈ పద్ధతిలో తొంభై పాళ్ళు ఫలితం డబ్బా మంచితనం మీద కాదు, కెమెరా గడియారం మీద ఆధారపడి ఉంటుంది. డబ్బా టైము ఉపగ్రహాల్లోని అణు గడియారాల నుంచి వస్తుంది, దానికి తిరుగులేదు. కెమెరా గడియారం వారానికి కొన్ని సెకన్లు ముందుకో వెనక్కో జారుతూనే ఉంటుంది. బస్సు గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒక్క నిమిషం తేడాకి చోటు ఒక కిలోమీటరు తప్పుతుంది. పినాకిని ఎక్స్‌ప్రెస్ రైలు కిటికీలోంచి పెన్న వంతెన మీద తీసిన ఫొటో ఏరు దాటి ఎక్కడో పడుతుంది. నడిచేవాళ్ళకి నష్టం తక్కువ, నిమిషానికి ఎనభై మీటర్లు. కానీ ఎనభై మీటర్లంటే శాసనం ఈ చెలకలో ఉందా, రోడ్డు అవతల ఉందా అన్నంత తేడా.

దీనికి నేను చేసేది, బయల్దేరే ముందు ఫోన్‌లో ఉపగ్రహాల టైము చూపించే యాప్ తెరిచి, సెకన్లు కనబడేలా ఆ స్క్రీన్‌ని కెమెరాతో ఒక ఫొటో తీయడం. అంతే. కెమెరా గడియారాన్ని సరిచేయను. సాయంత్రం ఆ ఫొటో చూస్తే స్క్రీన్ మీద ఉన్న టైముకీ కెమెరా రాసుకున్న టైముకీ తేడా తెలుస్తుంది. ఇరవై మూడు సెకన్లు వెనక ఉంటే ఆ ఇరవై మూడూ సాఫ్ట్‌వేర్‌కి చెబితే అదే సర్దుకుంటుంది. పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్లు రెండు మూడు కెమెరాల టైము కలపడానికి చేసేదీ ఇదే.

ఇంకో మెలిక, మన అర్ధగంట. లాగర్ రాసేది అంతర్జాతీయ టైము, మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందు. ఈ సంగతి సాఫ్ట్‌వేర్‌కి చెప్పకపోతే పొద్దున పదింటికి తీసిన ఫొటోని మధ్యాహ్నం మూడున్నరకి మనమున్న చోటికి అతికిస్తుంది. అంటే ఉదయగిరి కోట గోడలన్నీ వింజమూరు టీకొట్టు మీద లేస్తాయి. పాత ప్రోగ్రాములు కొన్నిట్లో గంటలు మాత్రమే ఎంచుకునే వీలుంది, ఐదు లేదా ఆరు. అలాంటివి మనకి పనికిరావు, ముందే చూసుకోండి.

ట్రాక్‌నీ ఫొటోలనీ కలపడానికి నేను వాడేది ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్. ఉచితం. కిటికీలు, బొమ్మలు ఏమీ ఉండవు, నల్ల తెర మీద టైపు చేయాలి. కానీ దీనంత నమ్మకంగా పనిచేసేది ఇంకోటి నాకు తగల్లేదు. కంప్యూటర్ మన దేశం టైములో ఉంటే ఐదున్నర గంటల లెక్క అదే చూసుకుంటుంది. అసలు ఫొటోని పక్కన దాచిపెట్టి మరీ రాస్తుంది, కాబట్టి ఏదైనా తేడా వచ్చినా పోయేదేమీ లేదు. కెమెరా జేపీజీగా మార్చకుండా దాచే 'రా' (RAW) ఫైళ్ళలోనూ రాస్తుంది. ఒక్కటి గమనించాలి. ట్రాక్‌లో రెండు పాయింట్ల మధ్య ఖాళీ ఉంటే, అది అరగంట లోపైతే, ఆ రెండింటి మధ్య తిన్నగా గీత గీసి మధ్యలో ఎక్కడుంటామో అంచనా వేస్తుంది. మైదానంలో ఫర్వాలేదు. కొండ చుట్టూ తిరిగే దారిలో అయితే ఫొటో కొండ కడుపులో పడుతుంది. ఆ అరగంటని రెండు నిమిషాలకి తగ్గించే వీలుంది, నేను తగ్గించే వాడతాను. చోటు లేకపోయినా ఫర్వాలేదు గానీ తప్పు చోటు ఉండకూడదు. నల్ల తెర అంటే భయపడేవాళ్ళకి డిజీకామ్ ఉంది, అదీ ఉచితమే, మ్యాప్ మీద ఫొటోలు కనిపిస్తూ పని జరుగుతుంది.

ఎంత సరిగ్గా చూపిస్తుందనేది ఆకాశాన్ని బట్టి ఉంటుంది. పొదిలి, కనిగిరి మధ్య చెట్టూ చేమా తక్కువ, ఆకాశం నాలుగు వైపులా తెరిచి ఉంటుంది. అక్కడ మూడు నుంచి ఐదు మీటర్లు, అంతకు మించి తేడా రాలేదు. అదే భైరవకోనలో దీని పరువు పోయింది. కోన లోపల ఒకే కొండరాతిని తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు వరసగా ఉంటాయి. వాటి ముందు నిలబడితే నెత్తి మీద సగం ఆకాశం కొండే మింగేస్తుంది. మిగిలిన సగంలోంచి వచ్చే సిగ్నల్ కూడా ఎదురు రాతికి కొట్టుకుని ఆలస్యంగా చేరుతుంది, ఆ ఆలస్యాన్ని డబ్బా దూరం అనుకుంటుంది. ఎనిమిది గుళ్ళ ఫొటోలూ మ్యాప్ మీద చిందరవందరగా పడ్డాయి, ఒకటి వాగులో, రెండు కొండ మీద. వాటిని చేత్తో జరుపుకున్నాను. అక్కడ ఏ ఫోన్ అయినా కాస్త అటూ ఇటూగా అంతే చేస్తుంది గనక దీన్ని తప్పుపట్టను. ఉదయగిరిలో మాత్రం చెట్ల మధ్య ఎక్కేటప్పుడు కొంచెం తడబడినా, పైన మసీదు దగ్గరికి చేరేసరికి గీత మళ్ళీ తిన్నగా వచ్చింది. ఉదయగిరి మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 1514లో కృష్ణదేవరాయలు ఈ కోట పట్టుకున్నాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరం తీసుకెళ్ళి, 1515లో అక్కడ గుడి కట్టించి నిలబెట్టాడు. విగ్రహం ఉదయగిరి నుంచి వచ్చిందని హంపీలో రాతి మీద రాయించాడు కాబట్టి మనకి తెలిసింది. రాయించకపోతే అది ఏ ఊరి కృష్ణుడో ఎవరు చెప్పగలరు!

కదలకుండా ఒకచోట కూర్చుంటే కూడా డబ్బా కుదురుగా ఉండదు. మెస్సులో భోంచేసిన అరగంటలో అది రాసిన గీత చూస్తే, చంటిపిల్లాడు పలక మీద గీసిన పిచ్చిగీతల్లా ఉంటుంది. రేకుల కప్పు కింద సిగ్నల్ అందక అటూ ఇటూ ఊగుతుంది. ఫొటోలకి దీనివల్ల నష్టం లేదు. రోజు మొత్తం ఎన్ని కిలోమీటర్లు తిరిగామని దీన్ని అడిగితే మాత్రం ఎక్కువ చెబుతుంది, ఆ లెక్కతో పెట్రోలు అలవెన్సు రాసుకోకండి.

ఎత్తు విషయంలో దీన్ని అసలు నమ్మొద్దు. మైపాడు బీచిలో ఇసుక మీద తీసిన ఫొటోలకి ఎత్తు మైనస్ తొంభై మీటర్ల దరిదాపుల్లో వచ్చింది. మా అబ్బాయి చూసి "నాన్నా, నువ్వు సముద్రం అడుగున నిలబడి ఫొటోలు తీశావా" అన్నాడు. ఇదీ డబ్బా తప్పు కాదు. భూమిని నున్నటి గోళం లాంటి ఒక లెక్కల ఆకారంగా అనుకుని జీపీఎస్ ఎత్తు కొలుస్తుంది. నిజం సముద్రమట్టం ఆ ఆకారంతో అన్నిచోట్లా కలవదు. మన దక్షిణాదిలో, శ్రీలంక చుట్టుపక్కల అది చాలా కిందికి ఉంటుంది. శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రంలో నూట ఆరు మీటర్ల దాకా పోతుంది, ప్రపంచంలో అంత లోతు ఇంకెక్కడా లేదు. మా తీరంలో ఆ తేడా తొంభై మీటర్ల లెక్కన ఉంటుంది. కొన్ని డబ్బాలు దీన్ని వాటంతట అవే సరిచేసి రాస్తాయి, నాది రాయదు. మీది ఏ రకమో తెలియాలంటే ఒకసారి సముద్రం ఒడ్డుకి పోయి చూస్తే తేలిపోతుంది.

అదే మైపాడు రోడ్డులో నాకు సరదాగా అనిపించేది ఇంకోటి ఉంది. నెల్లూరు ఊరు 79 డిగ్రీల చివర ఉంటుంది. తూర్పుగా కొంచెం పోగానే 80 డిగ్రీల రేఖ దాటుతాం. ట్రాక్ తెరిచి చూస్తే 79.99 తర్వాత 80.00 వస్తుంది. అక్కడ బోర్డూ లేదు, గీతా లేదు. నాలాంటి వాడికి తప్ప ఇందులో సంబరమేముందో చెప్పలేను.

పైకి కనిపించేలా తగిలించుకుంటే పల్లెల్లో దీనితో ఒక ఇబ్బంది ఉంది. 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైనప్పటి నుంచి, లైటు వెలిగే డబ్బా పట్టుకుని పొలంలో నిలబడ్డ ప్రతివాడూ సర్వేయరే. వరికుంటపాడు వైపు ఒక పెద్దాయన గేదెల్ని వదిలేసి నా దగ్గరికొచ్చాడు.

"ఏం సామీ, సర్వేకొచ్చినారా?"

"కాదు పెద్దాయనా, ఈ రాయి ఫొటో తీసుకుంటుండా."

"మరి సంచికి తగిలించిన ఆ డబ్బా ఏంది? ఎలిగి ఆరతా ఉండాది. మా గట్టు యాడికొస్తాదో దాంట్లో చూసి చెప్పు సామీ. పక్కనోడు రెండు సాళ్ళు లోపలికొచ్చినాడు."

ఆయనకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. రెండు సాళ్ళంటే ఎంత, మీటరు కూడా ఉండదు. నా డబ్బా తేడాయే మూడు నుంచి ఐదు మీటర్లు. సర్వే వాళ్ళు తెచ్చే రోవర్ వేరు. అది ఉపగ్రహాల మాటతో పాటు నేల మీద స్థిరంగా పెట్టిన స్టేషన్ల నుంచి సవరణలు కూడా అందుకుని సెంటీమీటర్ల దాకా లెక్క కడుతుంది. దానికయ్యే ఖర్చుతో నా డబ్బాలు ఒక బస్తాడు కొనొచ్చు. గట్టు తగాదాలకి దీన్ని బయటికి తీయకండి, ఉన్న తగాదా పెద్దదవుతుంది. పెద్దాయన సగం నమ్మి, "ఫొటోకైతే నా గేదెలు కూడా తియ్యి" అన్నాడు. తీశాను. అక్షాంశ రేఖాంశాలతో సహా ఉన్నాయి.

ఆ రోజు నుంచి డబ్బాని సంచి లోపలే పెడుతున్నాను. సిగ్నల్‌కి వచ్చిన లోటేమీ లేదు. ఎర్ర బటన్ మాత్రం తడుముకుని నొక్కుతుంటాను. దాన్ని నొక్కితే ఆ చోటు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుంటుంది. రాయి పక్కన నిలబడి ఒకసారి, రోడ్డు దిగిన చోట ఒకసారి నొక్కితే మళ్ళీ వచ్చేవాడికి దారి సులువవుతుంది. ఈ వస్తువులో నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఆ బటనే.

ఇప్పుడు రాసేది డబ్బా గురించి కాదు గానీ, డబ్బా కొనేవాళ్ళు తప్పకుండా వినాలి. ఫొటోలో చోటు ఉండటం ఎంత మంచిదో, ఆ ఫొటో నలుగురికీ పంపడం అంత ప్రమాదం. మా వైపు గుప్తనిధుల పిచ్చి తక్కువేమీ కాదు. పాడుపడ్డ గుడిలో నంది కింద తవ్వడం, లింగం పెకిలించడం, శాసనం మీద గీతల్ని నిధికి గుర్తులనుకుని రాయినే పగలగొట్టడం పేపర్లో చూస్తూనే ఉంటాం. మారుమూల రాయి ఫొటోని ఐదు మీటర్ల ఖచ్చితత్వంతో గ్రూపులో పెట్టడమంటే గునపం చేతికి ఇవ్వడమే. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే చోటు వివరాలు తీసేసి పంపుతుంది. క్వాలిటీ పోకూడదని డాక్యుమెంటుగా పంపితే మాత్రం అన్నీ అలాగే పోతాయి. మనవాళ్ళలో ఫొటోల మీద ప్రేమ ఉన్నవాళ్ళంతా డాక్యుమెంటుగానే పంపుతారు! అందుకని నేను రెండు ఫోల్డర్లు పెట్టుకున్నాను. చోటు ఉన్నవి ఇంట్లో హార్డ్ డిస్కులో. పంచుకునేవాటిలో ఎక్సిఫ్‌టూల్‌తోనే చోటు తుడిచేసి, ఊరి పేరు కాకుండా మండలం పేరు మాత్రం రాస్తాను. అచ్చులో ఎక్కడా కనబడని శాసనం తగిలితే, పూర్తి వివరాలు మైసూరులో ఉన్న కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్ఐ) శాసన విభాగానికి పంపుతాను. వాళ్ళకి చోటు తెలియడం అవసరం, ఫేస్‌బుక్‌కి అవసరం లేదు. పక్షుల ఫొటోలు తీసేవాళ్ళకీ ఇదే మాట. గూళ్ళున్న చెట్టు ఎక్కడుందో లోకానికి చెప్పాల్సిన పనిలేదు.

డబ్బు సంగతి. నాకు లాగర్‌కి 2,800 అయింది, కొత్త బ్యాటరీకి 200. కొత్త లాగర్లు మన దగ్గర షాపుల్లో పెట్టి అమ్మరు, బయటి నుంచి తెప్పించుకోవాలి, పది వేలు దాటిపోతుంది. నన్నడిగితే అంత పెట్టేవాళ్ళు నెలలో సగం రోజులు రోడ్డు మీదుండే ఫొటోగ్రాఫర్లు, అడవుల్లో తిరిగేవాళ్ళు మాత్రమే అయి ఉండాలి. బ్లూటూత్‌తో ఫోన్ నుంచి చోటు తీసుకునే కెమెరా ఇప్పటికే ఉన్నవాళ్ళు ముందు దాన్ని నెల రోజులు వాడి చూసి, అప్పుడు ఆలోచించుకోవచ్చు. నాలాగ పాత కెమెరా వదల్లేనివాళ్ళకి, కంప్యూటర్ ముందు పది నిమిషాలు కూర్చోవడం బరువనిపించనివాళ్ళకి సెకండ్ హ్యాండ్ డబ్బాయే న్యాయం.

ఒకవేళ కొంటే, డబ్బులు పంపే ముందు ఆ డబ్బాతో ఈ వారంలో రాసిన ట్రాక్ ఫైలు ఒకటి పంపమని అడగండి. తేదీ సరిగ్గా ఉంటే ధర కాస్త ఎక్కువైనా తీసుకోవచ్చు. దాదాపు ఇరవై ఏళ్ళు వెనక్కి ఉంటే, నేను పైన చెప్పిన 7,168 రోజుల కథ చెప్పి ధర సగానికి దించండి. అది మొదటిసారి వేసినప్పుడు ఆరుబయట, బండి కదిలించకుండా పెట్టండి. చాలా రోజులు మూలన పడున్న డబ్బాకి ఉపగ్రహాలు ఎక్కడున్నాయో గుర్తుండదు, ఆ పట్టిక మొత్తం మళ్ళీ వినడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. వచ్చిన బ్యాటరీ ఉబ్బి ఉంటే పారేయండి, మూత బిగించి వాడొద్దు. కేబుల్ మాత్రం అమ్మేవాళ్ళ దగ్గరే అడిగి తీసుకోండి. మినీ యూఎస్‌బీ కావాలని ఇప్పుడు నెల్లూరు ట్రంకు రోడ్డు షాపుల్లో అడిగితే కుర్రాళ్ళు మనల్ని ఎగాదిగా చూస్తున్నారు.